స్కూలు కరెంటు బిల్లు ఎవరు చదువుతున్నారు?

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక కరెంటు బిల్లుతో మొదలవుతుంది. మన ఇంటి బిల్లు కాదు. అమెరికాలో, టెక్సాస్‌లో, మా అక్క కొడుకు చదివే గవర్నమెంటు ఎలిమెంటరీ స్కూలు బిల్లు. అది నా చేతికి ఎలా వచ్చింది, అందులో ఏం కనపడింది, ఆ తర్వాత ఏం జరిగింది అన్నది చెప్తాను. మధ్యలో ఆర్కాన్సా, కెంటకీ, మేరీలాండ్ కూడా ఒక చుట్టు తిరిగొద్దాం.

మీలో కొంతమందికి తెలుసు, బీటెక్ అయ్యాక ఐదేళ్ళు నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను. అందులో ఆఖరి రెండేళ్ళు నా ఉద్యోగం ఏంటంటే, కంపెనీ క్లౌడ్ బిల్లు తగ్గించడం. ఎవరో టెస్టింగ్ కోసం ఒక సర్వర్ ఆన్ చేస్తారు. పని అయిపోతుంది. ఆఫ్ చెయ్యడం మర్చిపోతారు. శని, ఆదివారాలు, దీపావళి, సంక్రాంతి, అది పాపం ఒక్కతే తిరుగుతూ ఉంటుంది, మీటరు కూడా తిరుగుతూ ఉంటుంది. నా పని బిల్లు లైను లైను చదివి, "ఇది ఎవరిది బాబూ?" అని అడగడం. గొప్ప తెలివితేటలేం అక్కర్లేదు. ఓపిక కావాలి, అడగడానికి కాస్త మొహమాటం లేకపోవడం కావాలి. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ రెండిటి గురించే అనుకోండి.

పోయినేడు ఫిబ్రవరిలో మా అక్కకి రెండో డెలివరీ. అమ్మ ఒక్కతే ఫ్లైట్ ఎక్కనంది, తోడుగా నేనూ వెళ్ళాను. మే ఆఖరి దాకా ఉన్నాం. ఇంట్లో పసిబిడ్డ, అక్క బయటికి రాలేదు కాబట్టి పెద్దవాణ్ణి స్కూల్నుంచి తీసుకొచ్చే డ్యూటీ నాది. వాడు మూడో క్లాసు. వాడికి ఆస్తమా ఉంది, బ్యాగులో ఎప్పుడూ ఇన్‌హేలర్ ఉంటుంది. సాయంత్రం నేను వెళ్ళేసరికి స్కూలు గోడ పక్కన పసుపుపచ్చ బస్సులు వరసగా నిలబడి ఉండేవి. అన్నీ ఇంజను ఆన్‌లోనే. పావుగంట, ఇరవై నిమిషాలు. ఒకరోజు వాడు చాలా మామూలుగా అన్నాడు: "మామయ్యా, ఫీల్డ్ ట్రిప్‌కి బస్సెక్కితే నేను ముందు సీట్లోనే కూర్చుంటా. వెనక స్మెల్ వస్తది."

ఇది పిల్లాడి చాదస్తం కాదండీ. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చి చెప్పింది. ఇక స్కూలు బస్సు సంగతి చూస్తే, 2001లో కాలిఫోర్నియాలో కొలిచి చూశారు. పాత డీజిల్ బస్సు లోపల పొగ, ఆ బస్సు ముందు వెళ్ళే కారులో ఉన్నదానికంటే నాలుగింతల దాకా ఉంది. బయట రోడ్డు మీదికంటే లోపల కూర్చున్న పిల్లలకే ఎక్కువ. ఇప్పటి ఇంజన్లకి ఫిల్టర్లు ఉంటాయి, అంత ఘోరం ఉండదు. కానీ పాతవి ఇంకా తిరుగుతున్నాయి.

సరే, దీని గురించి ఎవర్ని అడగాలి? హెడ్మాస్టర్నా? ఇక్కడ ఒక్క నిమిషం ఆగి అసలు "స్కూల్ డిస్ట్రిక్ట్" అంటే ఏంటో చూద్దాం, ఎందుకంటే పేరు విని మన జిల్లా అనుకుంటే దారి తప్పుతాం.

మన జిల్లా పరిషత్ హైస్కూల్లో ఒక ఫ్యాను పాడైతే హెడ్మాస్టరు గారు పైకి రాస్తారు, పైవాళ్ళు ఇంకా పైకి రాస్తారు, నిధులు హైదరాబాద్ నుంచో అమరావతి నుంచో దిగిరావాలి. అమెరికాలో డిస్ట్రిక్ట్ అంటే దాదాపు ఒక చిన్న ప్రభుత్వం. దేశమంతా కలిపి అలాంటివి 13 వేల దాకా ఉన్నాయి. చాలాచోట్ల దానికి సొంతంగా ఎన్నికైన బోర్డు ఉంటుంది. ఆ ఏరియాలో ఇళ్ళ మీద వచ్చే ప్రాపర్టీ టాక్స్‌లో దాని వాటా దానిది. ప్రజల దగ్గర ఓటింగ్ పెట్టి బాండ్ల మీద అప్పు తెచ్చుకుంటుంది. బస్సులు, వంటగదులు, బిల్డింగులు, గ్రౌండ్లు అన్నీ దాని చేతిలో. అంటే పొగ తగ్గించాలన్నా, కరెంటు తగ్గించాలన్నా, వాషింగ్టన్ దాకా వెళ్ళక్కర్లేదు. మీ వీధి చివర ఉన్న బోర్డు రూములో ఏడుగురో తొమ్మిదిమందో చేతులెత్తితే అయిపోతుంది. అదే దాని అందం, అదే దాని బాధ కూడా.

మనవాళ్ళకి ఈ డిస్ట్రిక్ట్ అన్న మాట బాగా తెలుసు, ఒక్క సందర్భంలో. ఇల్లు కొనేటప్పుడు. రేటింగ్ తొమ్మిదా పదా అని నెలల తరబడి చూస్తారు, ఆ గీతకి అవతల ఇల్లు ఎంత బాగున్నా వద్దంటారు. కొన్నాక ఏటా వేల డాలర్లు టాక్స్ కడతారు. ఆ తర్వాత ఆ డబ్బు ఎటు పోతుందో ఒక్కసారి కూడా చూడరు. మా బావ కూడా అంతే. నేను బస్సుల సంగతి ఎత్తగానే ఆయన అన్నది ఇదీ: "మనం ఇంకా గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాం. ఓటే లేదు. మనకెందుకు బాబూ ఇవన్నీ?"

ఆ భయం నాకు అర్థమైంది. దాన్ని వెక్కిరించే హక్కు కూడా నాకు లేదు, నేను విజిటర్ వీసా మీద రెండు సూట్‌కేసులతో వచ్చినవాణ్ణి. కానీ ఇక్కడ రెండు విషయాలు చూడండి. టెక్సాస్‌లో పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ అని ఉంది, మన సమాచార హక్కు చట్టం లాంటిది. అడగడానికి సిటిజన్ అయి ఉండక్కర్లేదు. రెండోది, బోర్డు మీటింగులో ఎజెండాలో ఉన్న అంశం మీద జనం మాట్లాడటానికి అవకాశం ఇచ్చి తీరాలని 2019లో అక్కడ చట్టం చేశారు. ఓటు వేరు, నోరు వేరు.

అక్క బిడ్డకి పాలిస్తూ, ఒక చేత్తో ఫోన్లో మెయిల్ కొట్టింది. బస్సుల గురించి కాదు, అది నేనే ఆపాను. కరెంటు బిల్లులు అడగమన్నాను. ఎందుకంటే ఇంజనీరుగా నాకొక అనుమానం. పొగ గురించి అడిగితే "బడ్జెట్ లేదు" అంటారు. అప్పుడు మన దగ్గర జవాబుండాలి.

ఈ అనుమానం నాకు ఆర్కాన్సాలోని బేట్స్‌విల్ అనే చిన్న ఊరి వల్ల వచ్చింది. పదివేల మంది జనాభా ఉన్న ఊరు. 2017లో అక్కడి డిస్ట్రిక్ట్ వాళ్ళు ఎనర్జీ ఆడిట్ చేయించారు. ఏడాదికి 6 లక్షల డాలర్లకి పైగా కరెంటు, గ్యాసు లాంటి బిల్లులకే పోతోందని తేలింది. ఇంకోపక్క అక్కడ టీచర్లకి జీతాలు చుట్టుపక్కల డిస్ట్రిక్ట్‌ల కంటే తక్కువ. మంచి టీచర్లని నిలబెట్టుకోవడం కష్టంగా ఉండేది. బడ్జెట్‌లో రెండున్నర లక్షల డాలర్ల లోటు.

వాళ్ళేం చేశారంటే, హైస్కూలు దగ్గర వాడకుండా పడున్న ఖాళీ స్థలంలో, స్కూలు ముందు షెడ్డు మీదా కలిపి 1,400కి పైగా సోలార్ ప్యానెల్స్ పెట్టారు. అన్ని బిల్డింగుల్లో లైట్లు మార్చారు, ఏసీలు, హీటర్లు మార్చారు, కిటికీలు బాగుచేయించారు. మూడేళ్ళు తిరిగేసరికి ఆ లోటు పోయి 18 లక్షల డాలర్ల మిగులు వచ్చింది. కరెంటు వాడకం ఏడాదికి 16 లక్షల యూనిట్లు తగ్గింది. ఆ మిగులుతో వాళ్ళు చేసిన పని టీచర్ల జీతాలు పెంచడం. సగటున ఒక్కొక్కరికి రెండు వేల నుంచి మూడు వేల డాలర్లు.

ఈ వార్త వచ్చినప్పుడు అందరూ "సోలార్‌తో టీచర్లకి జీతాలు" అని రాశారు. నాకు దాంతో చిన్న పేచీ ఉంది. సోలార్ ప్యానెల్ ఫొటోలో బాగుంటుంది. మార్చిన ట్యూబ్‌లైట్ ఫొటో ఎవరు వేస్తారు? కానీ ముందు వృథా ఆపి, ఆ తర్వాత ప్యానెల్స్ పెడితేనే లెక్క కుదురుతుంది. కారే బిందెకి ఇంకో కుళాయి తిప్పుకుంటూ పోతే ఎలా?

ఇంకో మాట. బేట్స్‌విల్ కథలో నాకు అన్నిటికంటే నచ్చింది ప్యానెల్స్ కాదు, మిగిలిన డబ్బు ఎవరి జేబులోకి వెళ్ళిందో అది. అక్కడ రేపు ఇంకో బోర్డు వచ్చి "ఈ సోలార్ గోల మనకెందుకు" అంటే, ముందు అడ్డం నిలబడేది టీచర్లే. పర్యావరణం మీద ప్రేమ ఉన్నవాళ్ళు ప్రతి ఊళ్ళో పదిమందే ఉంటారు. జీతం మీద ప్రేమ అందరికీ ఉంటుంది కదా. కేవలం గ్రాంటు వచ్చిందని పెట్టినవి, గ్రాంటు అయిపోగానే మూలనపడటం మనం ఎన్ని చూడలేదు? మన ఊళ్ళలో సోలార్ వీధి దీపాలు ఎన్ని వెలుగుతున్నాయో ఓసారి చూసి రండి.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. అమెరికా స్కూళ్ళు ఏటా ఎనర్జీ మీద పెట్టే ఖర్చు సుమారు 800 కోట్ల డాలర్లని వాళ్ళ ఎనర్జీ డిపార్ట్‌మెంట్ లెక్క. జీతాల తర్వాత స్కూళ్ళు నడపడానికి అయ్యే పెద్ద ఖర్చు అదే.

సరే, అక్క మెయిల్ సంగతికి వద్దాం. పదిహేను రోజులకి జవాబొచ్చింది. ఏడాది బిల్లులు పీడీఎఫ్‌లో, దాంతోపాటు మేం అడిగిన మీటరు డేటా. టెక్సాస్‌లో ఈ మీటర్లు ప్రతి పదిహేను నిమిషాలకీ ఎంత వాడారో రాసుకుంటాయి. ఆ ఫైలు తెరిచినప్పుడు నాకు కలిగిన ఆనందం మా అక్కకి అర్థం కాలేదు. అమ్మకైతే అసలు అర్థం కాలేదు, "వీడు అమెరికా వచ్చి కూడా బిల్లులు చూస్తున్నాడేంటే" అంది.

ముందు బిల్లులో ఒక సంగతి చెప్పాలి. ఇళ్ళకైతే ఎన్ని యూనిట్లు వాడితే అంత. స్కూలు లాంటి పెద్ద కనెక్షన్లకి ఇంకో లైను ఉంటుంది, డిమాండ్ చార్జీ అని. మన దగ్గర హెచ్‌టీ కనెక్షన్ ఉన్నవాళ్ళకి ఇది బాగా తెలుసు. నెల మొత్తంలో ఏ పదిహేను నిమిషాల్లో ఎక్కువ లాగారో, దాన్నిబట్టి వేసే చార్జీ. పెళ్ళికి ముహూర్తం పూట వెయ్యిమంది వస్తారని వెయ్యిమంది పట్టే హాలు మాట్లాడతాం కదా. మిగతా పూటలు వందమందే ఉన్నా అద్దె మాత్రం వెయ్యిమంది హాలుకే. ఇదీ అంతే.

గ్రాఫ్ గీశాను. ప్రతి వర్కింగ్ డే పొద్దున ఐదున్నరకి గీత నిలువుగా లేచింది. అంటే బిల్డింగు మీద ఉన్న ఏసీ యూనిట్లన్నీ ఒకే నిమిషంలో ఆన్ అవుతున్నాయి. ఆ పదిహేను నిమిషాలే నెల డిమాండ్ చార్జీని నిర్ణయిస్తున్నాయి. అవే యూనిట్లని పావుగంటకి కొన్ని చొప్పున ఆన్ చేస్తే పిల్లలకి తేడా తెలియదు, ఒక్క డాలరు ఖర్చు లేదు, బిల్లు మాత్రం తగ్గుతుంది.

అసలు నేను నవ్వింది ఇంకోటి చూసి. మార్చిలో వారం రోజులు స్ప్రింగ్ బ్రేక్. స్కూలు మూత. ఆ వారం కూడా పొద్దున ఐదున్నరకి గీత లేచింది, సాయంత్రం దాకా నిలబడింది. శనివారం లేచింది. ఆదివారం లేచింది. క్లాసుల్లో ఒక్క పిల్లాడు లేడు, ఏసీ మాత్రం రోజూ అటెండెన్స్ వేసుకుంటోంది. నా పాత ఉద్యోగం గుర్తొచ్చింది. అదే మర్చిపోయిన సర్వర్. కాకపోతే ఇది మా మేనల్లుడి స్కూలంత ఉంది.

దొంగ దొరికాడనుకుని ఆ గ్రాఫ్ ప్రింటు తీసుకుని నేనూ అక్కా డిస్ట్రిక్ట్ ఆఫీసుకి వెళ్ళాం. బిల్డింగుల మెయింటెనెన్స్ చూసే పెద్దాయన ఒకరు వచ్చి కూర్చున్నారు. ఆయన కోపం తెచ్చుకుంటారని నేను రెడీ అయి ఉన్నాను. ఆయన గ్రాఫ్ చూసి పెద్ద నిట్టూర్పు విడిచి, "దీని గురించి అడిగిన మొదటి మనుషులు మీరే" అన్నారు. సంగతేంటంటే, ఆ ఏసీలన్నిటికీ కంప్యూటర్ కంట్రోల్ సిస్టమ్ ఉంది. పెట్టిన కాంట్రాక్టరు దగ్గరే లాగిన్ ఉండిపోయింది. టైమింగు మార్చాలంటే ప్రతిసారీ వాళ్ళని పిలవాలి, పిలిస్తే విజిట్ చార్జీ. డిస్ట్రిక్ట్ మొత్తానికి ఏసీల పని తెలిసినవాళ్ళు ఇద్దరు. వాళ్ళకి ఎక్కడ చల్లగా లేదని ఫోనొస్తే అక్కడికి పరిగెత్తడమే సరిపోతుంది. ఎక్కడ అనవసరంగా చల్లగా ఉందో చెప్పడానికి ఎవరూ ఫోన్ చెయ్యరు కదా.

నేను దొంగ కోసం వెళ్ళాను. దొరికింది పాస్‌వర్డ్ లేని ఒక మనిషి.

ఇక్కడే కెంటకీ గురించి చెప్పాలి. కెంటకీ అంటే బొగ్గు రాష్ట్రం. మన సింగరేణి వాళ్ళకి చెప్తే అర్థమవుతుంది, బొగ్గు అక్కడ జీతం, ఊరు, రాజకీయం అన్నీ. అలాంటి చోట 2010లో వారెన్ కౌంటీలో రిచర్డ్స్‌విల్ ఎలిమెంటరీ స్కూలు మొదలైంది. ఏడాదిలో తను వాడినంత కరెంటు తనే తయారు చేసుకునేలా కట్టిన మొదటి అమెరికన్ గవర్నమెంటు స్కూలు అది. సోలార్ ఉంది, భూమి లోపలి ఉష్ణోగ్రతని వాడుకునే హీట్ పంపులు ఉన్నాయి, మందపాటి గోడలు ఉన్నాయి. నాకు మాత్రం వంటగది ముచ్చట నచ్చింది. నూనెలో వేయించే ఫ్రయర్లు తీసేసి, ఆవిరితో కూడా వండే ఓవెన్లు పెట్టారు. ఫ్రయర్ లేకపోతే దాని మీద పొగ లాగే పెద్ద ఫ్యాన్ల పని తగ్గుతుంది. ఆ ఫ్యాను చల్లటి గాలిని కూడా బయటికి లాగేస్తుంది, కాబట్టి ఏసీ పని కూడా తగ్గుతుంది. పిల్లలకి వేపుడు తగ్గింది, బిల్లూ తగ్గింది.

అదే ఏడాది కెంటకీలో ఇంకో పని మొదలైంది, దానికి ఫొటోలు కూడా లేవు. స్కూలు బోర్డుల సంఘం వాళ్ళు కేంద్రం ఇచ్చిన డబ్బుతో దాదాపు 35 మంది ఎనర్జీ మేనేజర్లని పెట్టి, 130 డిస్ట్రిక్ట్‌లకి పంచారు. చిన్న డిస్ట్రిక్ట్ ఒక్కటే ఒక మనిషిని పెట్టుకోలేదు, అందుకని కొన్ని కలిసి ఒకరిని. వాళ్ళ పని బిల్లులు చదవడం, బిల్డింగులు తిరగడం, సెలవుల కాలెండర్ ఏసీకి చెప్పడం. చూశారా, నేను క్లౌడ్ కంపెనీలో చేసిన ఉద్యోగమే!

బస్సుల సంగతి ఏమైందని మీరు అడుగుతారు. నిజం చెప్పాలి, అది అంత తేలిక కాదు. అమెరికాలో దాదాపు 4 లక్షల 80 వేల స్కూలు బస్సులు ఉన్నాయి, రోజూ రెండు కోట్లకి పైగా పిల్లలు ఎక్కుతారు. బ్యాటరీకి ఇంతకంటే బాగా కుదిరే బండి ఇంకోటి లేదు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, అదే రూటు, మిగతా టైమంతా నిలబడే ఉంటుంది. కానీ ఎలక్ట్రిక్ బస్సు ధర డీజిల్ బస్సుకి రెండు మూడింతలు. అందుకే 2021 చట్టంలో ఎలక్ట్రిక్, తక్కువ పొగ వచ్చే స్కూలు బస్సుల కోసం ఐదేళ్ళకి 500 కోట్ల డాలర్లు పెట్టారు.

మేరీలాండ్‌లోని మాంట్‌గామరీ కౌంటీ స్కూళ్ళు 2021లో 326 ఎలక్ట్రిక్ బస్సులకి ఒప్పందం చేసుకున్నాయి. కొనడం కాదు, ఏడాదికింత అని కట్టడం. డీజిల్, రిపేర్ల మీద మిగిలేదాంతో సరిపోతుందని ప్లాను. కాగితం మీద అద్భుతం. బస్సులు ఆలస్యంగా వచ్చాయి, ఖాళీ పూడ్చడానికి మళ్ళీ డీజిల్ బస్సులే కొనాల్సొచ్చింది. ఆలస్యానికి వసూలు చెయ్యాల్సిన ఫీజు కూడా సరిగ్గా వసూలు చెయ్యలేదని 2024లో కౌంటీ ఇన్‌స్పెక్టర్ జనరల్ రిపోర్టే రాసింది. అంటే అక్కడ కూడా సమస్య బ్యాటరీ కాదు. కాంట్రాక్టు చదివే మనిషి.

అదే 2024లో కాలిఫోర్నియాలో ఓక్లాండ్ డిస్ట్రిక్ట్ తన 74 బస్సులనీ ఎలక్ట్రిక్ చేసింది. వాటిలో ఎక్కువగా వెళ్ళేది ప్రత్యేక అవసరాలున్న పిల్లలు. ఆ బస్సులు సాయంత్రం నిలబడ్డాక బ్యాటరీలోంచి కరెంటు తిరిగి గ్రిడ్‌కి ఇస్తాయి. ఊరంతా ఇళ్ళకొచ్చి ఏసీలు వేసుకునే టైము అది. బస్సు ఖాళీగా నిలబడి కూడా పనిచేస్తుందన్నమాట.

మా మేనల్లుడి స్కూల్లో ఒక బస్సు డ్రైవరమ్మని అడిగాను, ఇంజను ఎందుకు ఆపరని. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మే నెలలో లోపల కూర్చుని చూడు" అంది. ముప్ఫై ఎనిమిది డిగ్రీల ఎండ. ఇంజను ఆపితే ఏసీ ఆగుతుంది. పిల్లలు ఎక్కేసరికి బస్సు పొయ్యి మీద పెనంలా ఉంటుంది. నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆలోచిస్తే ఒక్కటే తట్టింది. ఇంజను ఆపకపోయినా, ఇరవై నిమిషాల ముందు రాకుండా ఐదు నిమిషాల ముందు రావచ్చు, గోడకీ, కిటికీలకీ దూరంగా నిలబడొచ్చు. దానికి రూటు టైములు మార్చాలి. రూటు టైములు మార్చడం అంటే... సరే, దాన్ని వదిలేద్దాం, అది ఇంకో ఎపిసోడ్.

భోజనం గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వాళ్ళు 2019లో 46 స్కూళ్ళలో పిల్లలు పారేసిన తిండి తూకం వేయించారు. ఒక్కో పిల్లాడికి ఏడాదికి 39 పౌండ్లు, అంటే పద్దెనిమిది కిలోల దాకా. తెరవని పాల డబ్బాలు కూడా ఉంటాయి. అక్కడ చాలా స్కూళ్ళు పాటించే రూలు ప్రకారం లంచ్‌లో ఇచ్చే ఐదు రకాల్లో పిల్లలు మూడు తీసుకుంటే చాలు, ఒకటి పండో కూరగాయో అయితే సరిపోతుంది. పాలు తీసుకుని తీరాలని లేదు. కానీ లైనులో చాలాచోట్ల పాలు చేతిలో పెట్టేస్తారు. మా మేనల్లుడు రోజూ తీసుకుని రోజూ పారేసేవాడు. "వద్దని చెప్పొచ్చు కదరా" అంటే, "చెప్పొచ్చని తెలీదు మామయ్యా" అన్నాడు. న్యూయార్క్, లాస్ ఏంజెలిస్ లాంటి ఆరు పెద్ద డిస్ట్రిక్ట్‌లు 2015లో కలిసి థర్మోకోల్ ట్రేలు మానేసి, మట్టిలో కలిసే ప్లేట్లు తెచ్చాయి. చాలామంది కలిసి కొంటే ధర దిగొచ్చింది. అది విన్నప్పుడు మా అమ్మ అడిగింది, "స్టీలు కంచాలు కడుక్కోవచ్చు కదా?" మన మధ్యాహ్న భోజనంలో పిల్లలు కుళాయి దగ్గర కంచం కడుక్కునే సీను గుర్తొచ్చింది. ఆ కుళాయిలో అన్నిచోట్లా నీళ్ళు వస్తాయా అన్నది వేరే గొడవ అనుకోండి.

ఇక బోర్డు మీటింగ్. మే నెలలో బడ్జెట్ మీద చర్చ ఎజెండాలో ఉంది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. అక్క వంటింట్లో ఫోన్లో టైమర్ పెట్టుకుని ప్రాక్టీసు చేసింది. మొదటిసారి ఏడు నిమిషాలు వచ్చింది. "క్లైమేట్ చేంజ్" అన్న మాట తీసేయమని నేనే చెప్పాను. అబద్ధమని కాదు. ఆ రూములో ఆ మాట అనగానే సగంమంది చెవులు మూసుకుంటారు, ఆ ఏసీ మాత్రం ఎవరి పార్టీదీ కాదు. బావ చివరిదాకా "నువ్వే ఎందుకు" అన్నారు. అన్నారు గానీ, ఆ సాయంత్రం ఆఫీసు నుంచి తొందరగా వచ్చి పాపని ఎత్తుకున్నారు.

అక్క మూడే విషయాలు చెప్పింది. స్ప్రింగ్ బ్రేక్ వారం గ్రాఫ్ చూపించింది. లాగిన్ డిస్ట్రిక్ట్ చేతికి రావాలంది. ఒక ఎనర్జీ మేనేజర్‌ని పెట్టి, మిగిలే డబ్బు టీచర్లకీ పాత బస్సులు మార్చడానికీ పోయేలా కాగితం మీద రాయాలంది. చివర్లో, "నా కొడుక్కి ఇన్‌హేలర్ ఉంది, వాడు వెనక సీట్లో కూర్చోడు" అంది. అది మేం రాసుకున్నదాంట్లో లేదు. బెల్లు మోగింది. బోర్డు వాళ్ళు థాంక్యూ అన్నారు. అంతే. ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. కారెక్కాక అక్క కాసేపు ఏడ్చింది.

మే ఆఖర్లో నేనూ అమ్మా వచ్చేశాం. జూలైలో అమెరికాలో కొత్త చట్టం వచ్చి, స్కూళ్ళు సోలార్ పెడితే ఖర్చులో 30 శాతం కేంద్రం నుంచి తిరిగి వచ్చే వెసులుబాటుకి గడువు బాగా దగ్గరకి లాగేసింది. హీట్ పంపుల కోసం భూమిలో బోర్లు వేసే పనికి మాత్రం ఇంకా ఉంది. ఇంకేముంది, మన కథ అయిపోయిందనుకున్నాను.

డిసెంబరు మొదట్లో అక్క వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. తనే మళ్ళీ డేటా అడిగి, నేను నేర్పిన పద్ధతిలో తనే గ్రాఫ్ గీసుకుంది. థాంక్స్‌గివింగ్ వారం. గీత వారం మొత్తం పడుకుని ఉంది. సోమవారం పొద్దున లేచింది, అది కూడా ఒక్కసారి కాదు, మెట్లు మెట్లుగా. ఆ పెద్దాయన లాగిన్ తెచ్చుకున్నారట. ఆ ఒక్క స్కూలుకే. డిస్ట్రిక్ట్‌లో మిగతావన్నీ ఇంకా అలాగే ఉన్నాయి. బస్సులు కూడా అలాగే ఉన్నాయి, ఇంజన్లు ఆన్‌లో.

ఎనర్జీ మేనేజర్ పోస్టు ఇప్పుడు ఎజెండాలోకి వచ్చింది. బడ్జెట్ టైటుగా ఉన్నప్పుడు కొత్త జీతం ఎందుకని ఇద్దరు ముగ్గురు మెంబర్లు అప్పుడే అంటున్నారట. అది తప్పుడు ప్రశ్న కూడా కాదు. ఆ జీతం ఎన్ని నెలల్లో తిరిగొస్తుందో లెక్కేసి ఒక పేజీ తయారు చేసి పంపాను, నిన్న రాత్రి దాన్ని మూడోసారి దిద్దాం. మీటింగు వచ్చే మంగళవారం. మాట్లాడేవాళ్ళ ఫారంలో అక్క ముందే పేరు రాసింది. కింద ఇంకో పేరు ఉంది, మా బావది. ఏం మాట్లాడతారని అడిగితే, "మూడు నిమిషాలే కదా, చూద్దాం లే" అన్నారు.

బుధవారం మనకి పొద్దున్నే తెలుస్తుంది. వచ్చే ఎపిసోడ్ మొదట్లో చెప్తాను. ఉంటానండీ, నమస్తే.